ప్యాషన్ ఫ్లవర్: తోటలో పువ్వు వేరు, తినే పండు వేరు, నిద్ర మందు వేరు

నర్సరీకి వెళితే ‘రాఖీ పువ్వు’ అని ఒక తీగ అమ్ముతారు. సూపర్ మార్కెట్‌లో ‘ప్యాషన్ ఫ్రూట్’ అని ముడతలు పడిన ఊదారంగు పండు కనిపిస్తుంది. హోమియో షాపులో నిద్ర పట్టడానికి ‘పాసిఫ్లోరా’ చుక్కల మందు దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో అయితే ఇదే పేరుతో టీ పొడి, క్యాప్సూల్స్, గింజల ప్యాకెట్లు అన్నీ ఉంటాయి.

పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అన్నీ ఒకే మొక్క నుంచి వస్తాయని అనుకోవడం సహజం. గోడ మీద తీగ ఉంది కదా, నాలుగు ఆకులు కోసి మరిగించి దాదీకి ఇస్తే నిద్ర పడుతుందేమో అనే ఆలోచన కూడా అక్కడి నుంచే వస్తుంది.

అసలు సంగతి అది కాదు. ఇవి ఒకే కుటుంబానికి చెందినవే గానీ ఒకే మొక్క కాదు. ఒకదాని పండు, గింజ తింటాం. ఇంకొకదాని ఆకు, కాండం మందులో వాడతారు. మరొకటి కంటికి అందం, అంతే. ఏది ఏదో తెలియకుండా వాడితే డబ్బు పోవడం చిన్న నష్టం. ఇంట్లో పెద్దవాళ్లు, గర్భిణులు ఉంటే నష్టం అక్కడితో ఆగకపోవచ్చు.

పేరు ఎలా వచ్చింది?

ఇంగ్లిష్‌లో ‘ప్యాషన్’ అంటే ప్రేమ, మోజు అనే అర్థమే మనకు తెలుసు. ఇక్కడ ఆ అర్థం కాదు. లాటిన్ మూలంలో ఆ మాటకు ‘బాధ’, ‘యాతన’ అని అర్థం. దక్షిణ అమెరికాకు వెళ్లిన స్పెయిన్ క్రైస్తవ మిషనరీలు ఈ పువ్వును చూసి, తమ మతంలోని శిలువ కథను అందులో చదువుకున్నారు. పువ్వు మధ్యలోని పోగుల వలయం ముళ్ల కిరీటమని, 5 కేసరాలు 5 గాయాలని, పైన ఉన్న 3 కొమ్మలు 3 మేకులని చెప్పారు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు అదే పేరును ‘పాసిఫ్లోరా’గా ఖాయం చేశాడు. అరబీలో దీన్ని ‘జహ్రతుల్ ఆలామ్’ అంటారు. అంటే బాధల పువ్వు. అది ఆ యూరప్ పేరుకు అనువాదమే.

ఈసా అలైహిస్సలాం విషయంలో ముస్లింల అఖీదా వేరని అందరికీ తెలుసు. ఈ పేరు మిషనరీలు చెప్పుకున్న కథ నుంచి వచ్చింది తప్ప, మొక్కకు ఏ మతంతోనూ సంబంధం లేదు. ఎందుకంటే ఇదే పువ్వును ఒక్కో చోట ఒక్కోలా చూశారు. మన దేశంలో చాలామంది హిందువులు ఆ పోగుల్ని 100 మంది కౌరవులుగా, 5 కేసరాలను పాండవులుగా లెక్కపెట్టి ‘కృష్ణకమలం’ అన్నారు. గుండ్రంగా, పోగులతో ఉంటుందని ‘రాఖీ పువ్వు’ అన్నారు. ఇరాన్ వాళ్లకు ఇది గడియారంలా కనిపించింది. ఫార్సీలో దీని పేరు ‘గుల్-ఎ-సాఅతీ’, అంటే గడియారపు పువ్వు. జపాన్‌లో కూడా గడియారపు మొక్క అనే పిలుస్తారు. హిందీ, బెంగాలీ వాళ్లు చెవికి పెట్టుకునే ఝుమ్కాతో పోల్చారు.

ఒక్క పేరు, నాలుగు మొక్కలు

పాసిఫ్లోరా అనే ప్రజాతిలో 500కు పైగా జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం తీగలు. నులితీగలతో కంచెనో పందిరినో పట్టుకుని పైకి పాకుతాయి. చాలావాటి పుట్టిల్లు అమెరికా ఖండాలే. మన కుటుంబాలకు ఎదురయ్యేవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది పాసిఫ్లోరా ఎడ్యులిస్. తినే ప్యాషన్ ఫ్రూట్ ఇదే. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా ప్రాంతం దీని సొంత ఊరు. ఊదారంగు పండు కాసేది ఒకటి, పసుపు పండు కాసేది ఒకటి. ఊదా రకానికి చల్లని కొండ ప్రాంతాలు నచ్చుతాయి. పసుపు రకం మైదానాల వేడిని తట్టుకుంటుంది. మన దేశంలో మణిపూర్, నాగాలాండ్, మిజోరం, కేరళ, కూర్గ్, నీలగిరి ప్రాంతాల్లో ప్యాషన్ ఫ్రూట్ పండిస్తారు. కూర్గ్‌లోని చెట్టళ్లి ఉద్యాన ప్రయోగ కేంద్రం ఈ రెండు రకాలను కలిపి ‘కావేరి’ అనే హైబ్రిడ్‌ను తయారుచేసింది.

రెండోది పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా. మందుగా పేరున్నది ఇదే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన పెరుగుతుంది. చలికాలంలో పైభాగం ఎండిపోయి, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అక్కడి మూలవాసులైన చెరోకీలు దీన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. టెన్నెసీ రాష్ట్రపు అధికారిక అడవి పువ్వుల్లో ఇదొకటి.

మూడోది పాసిఫ్లోరా సెరూలియా. నీలం, తెలుపు కలిసిన పువ్వు. అందం కోసం ప్రపంచమంతా పెంచుతారు. పండు నారింజ రంగులో ఉంటుంది గానీ రుచి చప్పగా ఉంటుంది. నర్సరీల్లో రాఖీ పువ్వు పేరుతో ఇదీ, దీన్ని వేరే జాతులతో కలిపి చేసిన హైబ్రిడ్లూ, ఇంకా వేరే రకాలూ అన్నీ అమ్ముడవుతాయి. చాలాసార్లు అమ్మేవాళ్లకే అది ఏ జాతో తెలియదు.

నాలుగోది మన ఊళ్లలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కంచెల మీద, ఖాళీ స్థలాల్లో దానంతట అదే పెరిగే పాసిఫ్లోరా ఫీటిడా. కొన్ని చోట్ల ‘తెల్లజుమికి’ అంటారు. ఆకు నలిపితే ఒక రకమైన దుర్వాసన వస్తుంది. చిన్న కాయ చుట్టూ జిగురుగా, జాలీలాంటి పచ్చని పోగులు అల్లుకుని ఉంటాయి. పండితే పసుపు లేదా నారింజ రంగుకు తిరుగుతుంది. ఊళ్లలో పిల్లలు పండిన కాయ చీల్చి లోపలి తీపి గుజ్జు చప్పరిస్తారు. పచ్చికాయ మాత్రం తినకూడదు. అందులో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. తినే ఎడ్యులిస్‌కూ, మందు మొక్క ఇన్‌కార్నేటాకూ ఆకు మూడు చీలికలతోనే ఉంటుంది. పువ్వులు కూడా దగ్గరగా ఉంటాయి. అందుకే ఆకు చూసి, పువ్వు ఫొటో చూసి ‘ఇదే మందు మొక్క’ అని తేల్చుకోవడం సరికాదు.

పువ్వు నుంచి గింజ దాకా

ఈ పువ్వు వింతగా కనిపించడానికి కారణం దాని నిర్మాణం. కింద 5 రక్షక పత్రాలు, 5 ఆకర్షక పత్రాలు కలిసి 10 రేకుల్లా ఉంటాయి. వాటిపై రంగురంగుల పోగుల వలయం. మధ్యలో నిటారుగా ఒక చిన్న కాడ లేస్తుంది. ఆ కాడ మీదే 5 కేసరాలు, వాటిపైన గుండ్రని అండాశయం, దాని నెత్తిన 3 కీలాలు ఉంటాయి. చాలా పువ్వుల్లో అడుగున దాగి ఉండే అండాశయం ఇక్కడ మధ్యలో పైకి లేచి కనిపిస్తుంది.

ఆ 3 కీలాలకూ పండు లోపలికీ సంబంధం ఉంది. ప్యాషన్ ఫ్రూట్‌ను అడ్డంగా కోసి చూడండి. గింజలు మధ్యలో గుత్తిగా ఉండవు. తొక్క లోపలి గోడకు మూడు వరసలుగా, సన్నని కాడలతో అతుక్కుని ఉంటాయి. ఒక్కో గింజ చుట్టూ రసం నిండిన నారింజ రంగు సంచి ఉంటుంది. మనం గుజ్జు అని తినేది ఆ సంచుల్నే. ఒక్క పండులో 100కు పైగా, ఒక్కోసారి 200 దాటి గింజలు ఉంటాయి.

గింజ కట్టాలంటే పుప్పొడి కీలాన్ని చేరాలి. ఈ పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది. గాలికి ఎగిరి వెళ్లదు. ఒళ్లు చిన్నగా ఉండే తేనెటీగ పువ్వులో దూరినా కేసరాలను తాకకుండానే మకరందం తాగి వెళ్లిపోగలదు. ఈ పని సరిగ్గా చేసేది పెద్ద నల్ల తుమ్మెద. అది వలయం మీద వాలి మకరందం కోసం తిరుగుతుంటే, పైన వంగి ఉన్న కేసరాలు దాని వీపుకు పుప్పొడి రాస్తాయి. తర్వాతి పువ్వులో కీలాలకు అదే వీపు తగులుతుంది.

పసుపు రకానికి ఇంకో చిక్కు ఉంది. దాని పుప్పొడి దానికే పనికిరాదు. వేరే మొక్క పుప్పొడి కావాలి. అందుకే మిద్దె మీద ఒకే ఒక పసుపు తీగ పెట్టి, పువ్వులు విపరీతంగా పూస్తున్నా కాయ పడటం లేదని బాధపడే వాళ్లుంటారు. పసుపు పువ్వు మధ్యాహ్నం వేళ విచ్చుకుని సాయంత్రం దాకా ఉంటుంది. ఊదా రకం పొద్దున్నే విచ్చుకుంటుంది. దానికి సొంత పుప్పొడితోనే కాయ పడుతుంది. తుమ్మెదలు రాని చోట దూదిపుల్లతో గానీ బ్రష్‌తో గానీ పుప్పొడి తీసి, మరో మొక్క పువ్వులోని 3 కీలాలకూ రాస్తే సరిపోతుంది. అక్కడి నుంచి పండు పక్వానికి రావడానికి సుమారు 60 నుంచి 80 రోజులు పడుతుంది. పండిన కాయ దానంతట అదే రాలుతుంది. కోయడానికి తొందరపడక్కర్లేదు.

వంటింట్లో పండు, గింజ

ప్యాషన్ ఫ్రూట్ గింజ తినొచ్చా అని చాలామంది అడుగుతారు. పండిన పండులోని గింజ నిరభ్యంతరంగా తినొచ్చు. కరకరలాడుతుంది. నమలకుండా మింగినా చాలావరకు అలాగే బయటికి వెళ్లిపోతుంది. చిన్నపిల్లలకు మాత్రం గొంతుకు అడ్డం పడకుండా వడకట్టి ఇవ్వడం మంచిది.

అయితే వడకడితే పోయేది ఏమిటో కూడా తెలుసుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల ఊదా ప్యాషన్ ఫ్రూట్ గుజ్జులో, గింజలతో కలిపి, 97 కేలరీలు, 10.4 గ్రాముల పీచు, సుమారు 30 మిల్లీగ్రాముల విటమిన్ సి, 348 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. అదే వడకట్టిన రసంలో పీచు 0.2 గ్రాములే. అంటే పీచు దాదాపు అంతా గింజతోనే వెళ్లిపోతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లు గింజతో తింటేనే లాభం. ఒక పండులో గుజ్జు 18 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి 100 గ్రాములంటే 5, 6 పండ్లు. పండు బరువులో దాదాపు సగం తొక్కే. కిలో ధర చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

పండు ఎంపిక కూడా మామూలు అలవాటుకు విరుద్ధం. నున్నగా మెరిసేది పుల్లగా ఉంటుంది. ఊదా రకంలో తొక్క కొంచెం ముడత పడి, చేతికి బరువుగా ఉన్నదే తీపి. పచ్చికాయలు, ఆకులు తినకూడదు. ఎడ్యులిస్ పచ్చికాయల్లో, ఆకుల్లో కూడా సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి.

ఇఫ్తార్ షర్బత్‌కు ఇది బాగా సరిపోతుంది. నలుగురికి 6 నుంచి 8 పండ్ల గుజ్జు తీసుకుని, స్పూన్‌తో బాగా కలిపి, జల్లెడలో నొక్కి రసం తీయాలి. మిక్సీలో వేస్తే ఒక్కసారి తిప్పి ఆపేయాలి. ఎక్కువ తిప్పితే గింజలు నలిగి రసం గరగరలాడుతుంది, కాస్త చేదు కూడా దిగుతుంది. చల్లని నీళ్లు, కొంచెం చక్కెర లేదా తేనె, చిటికెడు ఉప్పు, కావాలంటే పుదీనా. పక్కన పెట్టిన గింజల్లోంచి ఒక చెంచా మళ్లీ కలిపితే చూడ్డానికి సబ్జా వేసినట్టే ఉంటుంది. కానీ ఇవి సబ్జాలా నీళ్లలో ఉబ్బవు.

షుగర్ ఉన్నవాళ్లు సీసాల్లో అమ్మే ప్యాషన్ ఫ్రూట్ స్క్వాష్‌ను పండుతో సమానం అనుకోవద్దు. లేబుల్ మీద చక్కెర ఎంతో చూడాలి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఈ పండు తినే ముందు అడగాలి.

గింజకు పరిశ్రమలో కూడా విలువ ఉంది. ప్యాషన్ ఫ్రూట్ ఎక్కువగా పండించే దేశం బ్రెజిల్. అక్కడి పేరు ‘మరకుజా’. జ్యూస్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే గింజల నుంచి నూనె తీస్తారు. గింజ బరువులో 20 నుంచి 30 శాతం దాకా నూనె ఉంటుంది. అందులో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం. చర్మానికి రాసుకునే క్రీముల్లో, నూనెల్లో దీన్ని కలుపుతారు. గింజల్లో పిసియాటనాల్ అనే పదార్థం బాగా ఉన్నట్టు జపాన్ పరిశోధకులు గుర్తించారు. చర్మం మీద, మెటబాలిజం మీద దాని ప్రభావాన్ని పరిశీలిస్తున్నారు. అంతమాత్రాన గింజల పొడి షుగర్ తగ్గిస్తుందని నమ్మి మందులు మానేయడం తప్పు.

గింజ నాటాలంటే

పండులోంచి తీసిన తాజా గింజ త్వరగా మొలుస్తుంది. పాతబడేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతుంది. గుజ్జును ఒక గిన్నెలో 2, 3 రోజులు పులియనిచ్చి, గుడ్డలో రుద్ది కడిగితే గింజ చుట్టూ ఉన్న పొర పోతుంది. నీడలో ఆరబెట్టి, అర అంగుళం లోతులో నాటాలి. తాజా గింజ 2 నుంచి 4 వారాల్లో మొలుస్తుంది. ఎండిన ప్యాకెట్ గింజకు నెలలు కూడా పట్టొచ్చు. ఇన్‌కార్నేటా గింజ మరీ మొండిది. చలికాలం గడిచాక మొలవడం దాని స్వభావం కాబట్టి, మన వాతావరణంలో ఓపిక పట్టాలి.

ఎండ బాగా తగిలే చోటు, నీళ్లు నిలవని మట్టి, పాకడానికి గట్టి పందిరి ఉండాలి. కుండీ అయితే పెద్దది కావాలి. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పండు కోసం పెట్టేవాళ్లకు పసుపు రకం నయం. రెండు వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు తీగలు పెడితే కాయ పడే అవకాశం పెరుగుతుంది. వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి తేమ కాపాడాలి. తీగ ఆయుష్షు కొన్నేళ్లే. ఆకులు తినే ముళ్ల గొంగళిపురుగులు కనిపిస్తే కంగారు పడొద్దు. నారింజ రంగు ‘టానీ కోస్టర్’ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది ఈ కుటుంబం తీగల మీదే. పండు తినే మొక్క మీద పురుగుమందు కొట్టడం కన్నా చేత్తో ఏరేయడం మేలు.

ఆన్‌లైన్‌లో ‘ప్యాషన్ ఫ్లవర్ గింజలు, అన్ని రంగులు’ అని అమ్మే ప్యాకెట్ల మీద జాతి పేరు ఉండకపోతే కొనకపోవడమే మంచిది. గింజ చూసి అది ఏ జాతో మామూలు మనిషి చెప్పలేడు. ఏడాది నీళ్లు పోశాక పూసిన పువ్వును చూసి తెలుసుకునే బేరం అది.

నిద్ర మందుగా ఎంతవరకు నిజం?

మందులో వాడేది పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా పైభాగం, అంటే ఆకు, కాండం, పువ్వు. గింజ కాదు, పండు కాదు. కాబట్టి రాత్రి ప్యాషన్ ఫ్రూట్ జ్యూస్ తాగితే నిద్ర పడుతుందనే మాటకు ఈ మందు పరిశోధనలు సాక్ష్యం కావు.

ఆ పరిశోధనలు కూడా చిన్నవే. 2001లో ఇరాన్‌లోని టెహ్రాన్‌లో ఆందోళన సమస్య ఉన్న 36 మందిపై ఒక పరీక్ష జరిగింది. సగం మందికి పాసిఫ్లోరా చుక్కలు, సగం మందికి ఆక్సజెపామ్ అనే మందు 4 వారాలు ఇచ్చారు. చివరికి రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఆక్సజెపామ్ త్వరగా పనిచేసింది గానీ, పనిలో చురుకుదనం తగ్గించే ఇబ్బంది దానితో ఎక్కువ కనిపించింది. 2011లో ఆస్ట్రేలియాలో 41 మంది ఆరోగ్యవంతులకు వారం పాటు ఈ ఆకు టీ ఇస్తే, నిద్ర కొంచెం మెరుగైందని వాళ్లు డైరీల్లో రాశారు.

మరోవైపు, 2007లో కాక్రేన్ సంస్థ ఆందోళన సమస్యపై జరిగిన పరీక్షలను సమీక్షిస్తే లెక్కలోకి తీసుకోదగినవి రెండే తేలాయి. వాటిలో ఉన్నది 198 మంది. ఇంత తక్కువ సమాచారంతో పనిచేస్తుందని గానీ, పనిచేయదని గానీ చెప్పలేమని సమీక్షకులు తేల్చారు. యూరప్ ఔషధ సంస్థ దీన్ని తేలికపాటి మానసిక ఒత్తిడికి, నిద్రకు సాయంగా వాడొచ్చని ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుకోలుకు ఆధారం ఎన్నో ఏళ్లుగా సాగుతున్న వాడకమే తప్ప పెద్ద పరీక్షలు కావు. 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దని కూడా చెప్పింది.

కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే ఇది అద్భుతమూ కాదు, పూర్తిగా మోసమూ కాదు. కొందరికి కొంచెం సాయం చేయొచ్చు.

‘మూలిక కదా, ఏం కాదు’ అనుకుంటే?

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియా డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. 34 ఏళ్ల మహిళ మామూలు మోతాదులోనే పాసిఫ్లోరా వాడాక తీవ్రమైన వాంతులు, మగతతో ఆస్పత్రిలో చేరింది. ఈసీజీలో కూడా తేడా కనిపించింది. ఇలాంటివి అరుదు. అయినా మూలిక అంటే ప్రమాదం అసలే లేదనుకోవడానికి వీల్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ కింది వాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

గర్భిణులు: గర్భాశయంలో సంకోచాలు తెచ్చే అవకాశం ఉంది కాబట్టి వద్దు. పాలిచ్చే తల్లులకు సురక్షితమనే ఆధారం లేదు.

నిద్ర మాత్రలు, ఆందోళన మాత్రలు, ఫిట్స్ మందులు, మగత తెచ్చే జలుబు మందులు వాడేవాళ్లు: రెండూ కలిస్తే మత్తు పెరుగుతుంది. రాత్రి బాత్‌రూమ్‌కి లేచిన పెద్దవాళ్లు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

గుండె లయ సమస్య ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు: డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఆపరేషన్ ఉన్నవాళ్లు: మత్తు ఇచ్చే డాక్టర్‌కు ముందే చెప్పాలి. సాధారణంగా 2 వారాల ముందే ఆపేయమంటారు.

డ్రైవర్లు, మెషీన్ల మీద పనిచేసేవాళ్లు: మగత ఉంటే బండి తీయొద్దు.

రంజాన్‌లో తరావీహ్, సహ్రీల వల్ల నిద్ర వేళలు మారిపోతాయి. దానికి మందు అక్కర్లేదు. ఇఫ్తార్ తర్వాత వరసగా తాగే చాయ్ తగ్గించడం, మధ్యాహ్నం కాసేపు ఖైలూలా తీయడం చాలామందికి సరిపోతాయి. కానీ వారానికి 3 రాత్రులకు పైగా, 3 నెలలుగా నిద్ర పట్టకపోతే అది డాక్టర్ చూడాల్సిన సమస్య. షుగర్ వల్ల మాటిమాటికీ మూత్రానికి లేవడం, థైరాయిడ్, గురకతో ఊపిరి ఆగడం, మనసులో దిగులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చుక్కల మందు ఆ కారణాన్ని కప్పిపెడుతుంది తప్ప తీసేయదు.

హలాల్ ప్రశ్న: లేబుల్ మీద ఏం చూడాలి?

హోమియో షాపుల్లో ‘పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా, మదర్ టింక్చర్’ అని ఇచ్చేది ఆల్కహాల్‌లో మొక్కను నానబెట్టి తీసిన ద్రవం. అందులో ఆల్కహాల్ ఎంత శాతమో సీసా మీదే రాసి ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉండటం వల్ల చాలామంది చూడరు. నీళ్లలో కొన్ని చుక్కలే కదా అన్నా, ఉన్నది ఉన్నట్టు తెలిశాకే నిర్ణయం తీసుకోవాలి. మందుల్లోని ఆల్కహాల్ విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. మీరు నమ్మే ఆలిమ్ సాబ్‌కు సీసా చూపించి, వేరే మందు దొరుకుతుందో లేదో కూడా చెప్పి అడగండి. ప్రశ్న సరిగ్గా ఉంటేనే జవాబు సరిగ్గా వస్తుంది.

ఆల్కహాల్ లేనివీ ఉన్నాయి. ఎండిన ఆకు టీలో ఆ సమస్య రాదు. గ్లిజరిన్‌తో చేసిన చుక్కలు అయితే ఆ గ్లిజరిన్ మొక్కల నుంచి తీసిందా, జంతువుల నుంచి తీసిందా అని చూడాలి. క్యాప్సూల్స్‌లో లోపలి పొడి కన్నా పైన ఉన్న తొడుగు ముఖ్యం. జెలటిన్ అని ఉంటే అది జంతువుల నుంచి వచ్చేది. విదేశీ బ్రాండ్లలో ఏ జంతువో రాయకపోవచ్చు. ‘వెజిటేరియన్ క్యాప్సూల్’ అని గానీ, సెల్యులోజ్ అని గానీ, హలాల్ సర్టిఫికెట్ గుర్తు గానీ ఉంటే నిశ్చింత.

ఇంకో విషయం. ఈ మొక్కను పాత యునానీ నుస్ఖా అని, తిబ్బె నబవీ అని చెప్పి ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. పాసిఫ్లోరా మందు మొక్క అమెరికా ఖండానిది. ఆ ఖండానికీ పాత ప్రపంచానికీ రాకపోకలు మొదలైంది 1492 తర్వాతే. ఇబ్న్ సీనా 1037లోనే చనిపోయారు. ఈ మొక్క గురించి యూరప్‌లో మొదట రాసినవాళ్లలో ఒకరు సెవిల్లె నగర వైద్యుడు నికొలాస్ మొనార్దెస్. ముస్లిం పాలనలో ఇష్బీలియాగా వెలిగిన నగరమే అది. అయితే ఆయన రాసింది 16వ శతాబ్దంలో. అప్పటికి అక్కడ ముస్లిం పాలన ముగిసి 300 ఏళ్లు దాటింది. కలోంజీ గురించి హదీసులు ఉన్నాయి. ప్యాషన్ ఫ్లవర్ గురించి లేవు, ఉండే అవకాశమే లేదు. వ్యాపారం కోసం దీన్(ధర్మం) పేరు వాడుకోనివ్వకూడదు.

కొనే ముందు మూడు ప్రశ్నలు

ఒకటి, ఇది ఏ జాతి? పండు కావాలంటే ఎడ్యులిస్, మందు అంటే ఇన్‌కార్నేటా. పూర్తి పేరు లేని ప్యాకెట్ వద్దు.

రెండు, ఏ భాగం? పండిన కాయ గుజ్జు, గింజ తినడానికి. పచ్చికాయ, ఇంటి తీగ ఆకు కషాయానికి కాదు.

మూడు, ఎవరికి? ఇంట్లో ఎవరికి ఇస్తున్నారో, వాళ్లు ఇప్పటికే ఏ మాత్రలు వేసుకుంటున్నారో చూసుకోవాలి. దాదీ మాత్రల డబ్బా, ఈ సీసా రెండూ పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించడానికి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ పది నిమిషాలకు బద్ధకించకండి.

పందిరి మీద పూసిన పువ్వును మాత్రం తనివితీరా చూడండి. దానికి ఏ డాక్టర్ అనుమతీ అక్కర్లేదు.